శిశుపోషణము: ఎవరి కాయకము? ఎవరి దాసోహము?



స్త్రీ ఇల్లు దాటి కాయకము చేయవచ్చునా యను ప్రశ్న మన ధర్మములో ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే తీరిపోయినది. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో నూలు వడికిన కదిరె రెమ్మవ్వ కలదు. వీధులూడ్చిన సత్యక్క కలదు. నేలరాలిన బియ్యపు గింజలేరి దాసోహము జరిపిన ఆయ్దక్కి మారయ్యకు సరిజోడైన లక్కమ్మ కలదు. ముప్పదిమందికి పైగా స్త్రీలు వచనములు రచించిరి. అల్లమప్రభువు అధ్యక్షతన జరిగిన అనుభవమంటపములో వారు పురుషులతో సమానముగా ప్రసంగించిరి. కావున ఉద్యోగము చేయు కోడలిని చూచి ‘ఇది మన ఆచారమునకు తగునా?’ అని సందేహించువారు మన ఆచారమును సరిగా ఎరుగనివారే.

నేడు మన యిండ్లలో లేచుచున్న ప్రశ్న వేరు. పురిటి సెలవు ముగిసి తల్లి తిరిగి పనిలో చేరవలసిన దినమున చంటిబిడ్డను ఎవరి చేతిలో పెట్టి వెళ్లవలెను? ఆ చేతికి ఎంత జీతము ఈయవలెను? ఆ జీతమును ఎవరు భరింపవలెను? పైకి ఇది ఇంటి పద్దుల పుస్తకములో వ్రాసికొనదగిన చిన్న లెక్కవలె కనుపించును. విచారించినకొలది ఇది ధర్మప్రశ్న యని తెలియును. కాయకమును, దాసోహమును నిత్యము స్మరించు మనము ఈ ప్రశ్నను ఇంటి ఆడవారికి వదలివేసి ఊరకుండుట న్యాయము కాదు.

ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా ఎదురగు తావులలో శంషాబాదు ఒకటి. బెంగుళూరు రహదారిపైనున్న ఆ ఊరి చుట్టుపట్ల ఒకప్పుడు పొలములుండెను. పొలము పనికి పోయిన తల్లి గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో పరుండబెట్టి, ఒక కన్ను పనిమీదను ఒక కన్ను ఉయ్యాలమీదను ఉంచి కలుపు తీసెడిది. ఆకలియై బిడ్డ యేడ్చిన, వచ్చి పాలిచ్చి మరల సాలులోనికి దిగెడిది. 2008 మార్చిలో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. పొలములున్న చోట రన్‌వే వెలసినది. పని పెరిగినది, జీతములు వచ్చినవి. కాని ఉయ్యాల కట్టుకొను కొమ్మ లేకపోయినది.

ఆ విమానాశ్రయమునకు రాత్రి లేదు, పగలు లేదు. టికెట్ల కౌంటర్లలో, భద్రతా తనిఖీలో, దుకాణములలో, సరకుల గోదాములలో, వంటశాలలలో, విమానముల లోపల శుభ్రము చేయు పనిలో వంతులవారీగా స్త్రీలు పనిచేయుచున్నారు. జహీరాబాదు, నారాయణఖేడ్, తాండూరు ప్రాంతములనుండియు, ఎల్లకు ఆవలనున్న బీదరు, కలబురగి జిల్లాలనుండియు బ్రతుకుతెరువుకై నగరమునకు వచ్చి, ఆరాంఘర్ మొదలుకొని శంషాబాదు వరకు అద్దె యిండ్లలో కాపురము పెట్టిన కుటుంబములు కలవు. అత్తగారు ఊరిలో, తల్లిగారు మరియొక ఊరిలో. రెండు గదుల యింట భార్యాభర్తలును పసిబిడ్డయు మాత్రమే ఉందురు. తెల్లవారుజామున నాలుగు గంటల వంతుకు పోవలసిన తల్లి మూడు గంటలకే లేవవలెను. ఆ వేళకు తలుపు తెరచియుండు శిశు సంరక్షణ కేంద్రము సులభముగా దొరకదు.

చట్టము ఏమియు చేయలేదనుట అసత్యమగును. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి యిద్దరు బిడ్డల విషయమున జీతముతో కూడిన సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రమును ఏర్పాటు చేయవలెననియు, తల్లి దినమునకు నాలుగు మారులు అచ్చటికి వెళ్లి బిడ్డను చూచుకొనవచ్చుననియు విధించిరి. ఈ నిబంధనలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. మన రాజ్యాంగపు 42వ అధికరణము ప్రసూతి సహాయమును, 45వ అధికరణము ఆరేండ్లలోపు పిల్లల సంరక్షణను రాజ్యము చూడవలసిన పనులుగా పేర్కొన్నవి.

అయినను లోటు మిగిలియే ఉన్నది. 26 వారములలో 8 వారముల వరకు కాన్పునకు ముందే తీసికొనవచ్చును. అట్లు తీసికొన్న తల్లి తిరిగి పనిలో చేరునాటికి బిడ్డకు 18 వారములు మాత్రమే నిండును. ఆ బిడ్డ మెడ నిలుపునే గాని కూర్చుండనేరదు. అంగన్‌వాడీలో ఆటపాటల చదువునకు చేర్చుకొనునది మూడేండ్లు నిండిన పిల్లలను. 2022 నుండి పాల్నా యను పేరుతో నడచుచున్న కేంద్ర పథకము ఆరు నెలలు నిండిన బిడ్డలను చేర్చుకొనును గాని, ప్రతి బస్తీకిని అట్టి కేంద్రము లేదు. ఈ నడుమ రెండున్నర యేండ్లకు పైబడిన కాలము తల్లి తలమీదనే పడుచున్నది.

50 మంది యను నియమములోను ఒక చిక్కు కలదు. ఒకే కప్పు క్రింద వేలమంది పనిచేయుచున్నను, లెక్క సంస్థవారీగా జరుగును. ఒక దుకాణమున అయిదుగురు, ఒక కాంట్రాక్టరు వద్ద ముప్పదిమంది. విడివిడిగా చూచిన ఎవరికిని బాధ్యత లేదు. కలిపి చూచిన అందరికిని కలదు. పలు సంస్థలు కలసి ఉమ్మడిగా ఒక కేంద్రమును నడుపుకొనుటకు చట్టము దారి తెరచియే యున్నది. ఆ దారిన నడచుటకు మనస్సు కావలెను.

ఇక ఇంటిలోని తర్కమును పరిశీలింతము. ‘కోడలి జీతములో సగము ఆయాకే పోవుచుండగా ఈ ఉద్యోగమెందుకు? మానివేసి యింట నుండరాదా?’ అని పెద్దలందురు. మాట సహేతుకముగానే కనబడును. కాని అందులో దాగియున్న ఒక ఊహను గమనింపుడు. బిడ్డ పోషణకగు వ్యయమును తల్లి జీతమునుండి మాత్రమే తీసివేయుచున్నారు. తండ్రి జీతమునుండి ఎవరును తీసివేయరు. ఇంటి అద్దె కట్టునపుడు ‘ఇది భార్య అద్దె’ యని అనము. బియ్యము కొనునపుడు ‘ఇది భర్త బియ్యము’ అని అనము. బిడ్డ యిద్దరిదైనపుడు ఆయా జీతము ఒక్కరిదెట్లగును? ఇంతకును, నేడు మానిన ఉద్యోగము మూడేండ్ల తరువాత పిలిచినపుడు రాదు. ఆ మూడేండ్ల అనుభవము, జీతపు పెరుగుదల, భవిష్యనిధి అన్నియు పోవును. వీనిని ఎవరును ఆ లెక్కలో వేయరు.

అయినను ఖర్చు ఖర్చే. దానిని ఉదాహరణముగా ఒక లెక్కలో పెట్టి చూతము. పన్నెండుమంది పసిబిడ్డలకు ఒక సంరక్షణ గృహమున్నదనుకొందము. తల్లి పని ఎనిమిది గంటలైనను, రాకపోకలతో బిడ్డ పది పదకొండు గంటలు అచ్చటనే ఉండవలెను. అది ఒక ఆయా చేయదగిన పని కాలమును మించినది. కావున రెండు వంతులలో నలుగురు ఆయాలు కావలెను. ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయల చొప్పున 60,000. ఇంటి అద్దె 15,000. పాలు, ఆహారము, విద్యుత్తు మొదలగువాని కొరకు మరియొక 15,000. మొత్తము 90,000. పన్నెండుమందికి పంచగా ఒక్కొక్క కుటుంబముపై 7,500 రూపాయలు పడును. నెలకు 18,000 తెచ్చుకొను తల్లికి ఇది మోయలేని బరువు.

ఈ బరువును తగ్గించుటకు లోకము అనుసరించు ఉపాయము ఒక్కటే: ఆయా జీతమును కోయుట. నలుగురికిని 15,000కు బదులు 8,000 చొప్పున ఇచ్చినచో మొత్తము 62,000 అగును; కుటుంబమునకు 5,167 పడును. తల్లికి 2,333 రూపాయలు మిగులును. ఈ మిగులు ఎచ్చటినుండి వచ్చినది? ఆకాశమునుండి రాలేదు. ఒక్కొక్క ఆయా చేతినుండి తీసిన 7,000 రూపాయలే పన్నెండు ముక్కలై తల్లుల చేతికి వచ్చినవి. ఆ ఆయాయు ఒక తల్లియే. ఆమె బిడ్డయు చుట్టుపట్ల ఏదో ఒక బస్తీలో పెద్దక్క చంకనెక్కి, బడికి పోవలసిన ఆ పెద్దక్కను ఇంటనే కట్టివేసి యుండవచ్చును. ఒక స్త్రీ కాయకము నిలుచుటకు మరియొక స్త్రీ కాయకమును చౌక చేయుట ధర్మమా?

ఆయ్దక్కి మారయ్య కథను మనమందరము వినియున్నాము. ఒకనాడు అతడు అవసరమునకు మించిన బియ్యమును ఇంటికి తెచ్చెను. లక్కమ్మ ఆ యధికమును చూచి సంతసింపలేదు. తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. మన కాయకఫలములో ఇతరుల భాగము కలిసియున్నచో అది దాసోహమునకు పనికిరాదని ఆ తల్లి వివేకము. నేడు మన యింటికి వచ్చిన ఆ 2,333 రూపాయలను లక్కమ్మ చూచిన ఏమనునో ఆలోచింపుడు.

‘ఆయా చేయునది సులభమైన పని, బిడ్డనెత్తుకొనుటకు అంత జీతమేల?’ అనువారు కలరు. తెలుగు వీరశైవులకు ఆ మాట అనుటకు నోరు రాకూడదు. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున రచించిన బసవపురాణములో బెజ్జమహాదేవి కథ మన సొత్తు. శివునకు అందరును ఉన్నారు గాని తల్లి లేదు గదా యని ఆ భక్తురాలు దుఃఖించినది. తల్లి యున్నచో విషము త్రాగనిచ్చెడిదా, వల్లకాటిలో తిరుగనిచ్చెడిదా యని తలపోసి, తానే తల్లియై శివుని పసిబిడ్డగా సాకినది. నలుగు పెట్టినది, నీళ్లు పోసినది, కాటుక దిద్దినది, పాలు పట్టినది. పరీక్షింపదలచిన శివుడు అంగిటి ముల్లు వ్యాధి నభినయించి పాలు త్రాగక మానగా ఆమె ప్రాణము విడువ సిద్ధపడినది. అపుడు శివుడు ప్రత్యక్షమై ఆమెకు ‘అమ్మవ్వ’ అను పేరు ప్రసాదించెను. ఈ కథలోని బెజ్జమహాదేవి కన్నతల్లి కాదు, సాకిన తల్లి. ఆమె చేసినది మంత్రము కాదు, యాగము కాదు. ప్రతి ఆయాయు ప్రతిదినము చేయు పనియే. ఆ పనిని శివపూజగా అంగీకరించిన పురాణమును చేతబట్టుకొని, ఆ పని చేయు స్త్రీని చులకన చేయుట ఎంత విపరీతము!

మన సంప్రదాయములో శిశువునకు పుట్టిన కొలది దినములకే లింగధారణ జరుగును. జనన సూతకమును మనము పాటింపము. అనగా మాటలు రాని పసికందును సైతము మన ధర్మము లింగదేహిగా, సంపూర్ణ భక్తునిగా ఎంచుచున్నది. ఆ దేహమును కడుగు చేయి ఏ కులముదని అడుగుట, ఆయాకు వేరు గ్లాసు పెట్టుట, వంటింటి గడప దాటనీయకుండుట ఇంకను కొన్ని యిండ్లలో కలదు. హరళయ్య, మధువరసుల బిడ్డల పెండ్లి కొరకు కల్యాణములో శరణులు ప్రాణములర్పించిరి. ఆ శరణుల పేరు చెప్పుకొనువారి యింట వేరు గ్లాసు ఉండరాదు.

ఇంతవరకు రెండు సత్యములు తేలినవి. ఆయాకు న్యాయమైన జీతము ఇచ్చితీరవలెను. ఆ జీతమంతయు తల్లి యొక్కతె ఇచ్చుకొనలేదు. ఈ రెండింటి నడుమ ఒక గుంట కలదు. దానిని తల్లి ఉద్యోగముతో పూడ్చరాదు. ఆయా కడుపుతోను పూడ్చరాదు. ఆ గుంటయే దాసోహమునకు తావు.

దాసోహమనగా జాతరలో అన్నము పెట్టుట మాత్రమే కాదు. కాయకమువలన వచ్చినదానిలో మిగులును సమాజమునకు సమర్పించుట దాసోహము. మన మఠములు ఈ మార్గమున గొప్ప పని చేసినవి. తుమకూరు సిద్ధగంగా మఠములో 2019 జనవరి 21న లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు వేలకొలది పిల్లలకు కులమతభేదము లేక అన్నము, ఆశ్రయము, విద్య ఉచితముగా ప్రసాదించిరి. పలుచోట్ల మన సమాజమువారు విద్యార్థి వసతిగృహములు కట్టించిరి. కాని గమనింపుడు: ఈ దాసోహమంతయు బడి వయస్సు వచ్చిన పిల్లలకు. పలక పట్టిన చేయిని అందుకొనుటకు సంస్థలు కలవు; గిలక పట్టిన చేయిని అందుకొనుటకు లేవు. పూర్వము ఆ అవసరము రాలేదు; ఉమ్మడి కుటుంబము దానిని చూచుకొనెడిది. ఇపుడు కుటుంబము చిన్నదైనది. దాసోహము పెద్దది కావలెను.

మరల ఆ లెక్కకే వత్తము. మఠమో, సమాజమో తన భవనములో ఒక హాలును అద్దె లేక ఇచ్చి, పాలు, ఆహారము మొదలగు 15,000 రూపాయల ఖర్చును దాసోహముగా భరించిన, 90,000లో 30,000 తగ్గును. మిగిలిన 60,000 ఆయాల పూర్తి జీతము. కుటుంబమునకు 5,000 పడును. ఆయా జీతమును కోసి సాధించిన 5,167 కంటె ఇది తక్కువ! ఎవరి కూలియు కోయకయే అంతకు మించిన ఉపశమనము కలిగినది. తండ్రియు తన సగము తాను పెట్టుకొన్నచో తల్లి జీతమునుండి పోవునది 2,500 మాత్రమే. పెండ్లిండ్లకును బసవజయంతికిని తప్ప సంవత్సరమున ఎక్కువ దినములు తాళముతో ఉండు సమాజ భవనములు ఎన్నియో కలవు. వాని తలుపు తెరచుటకు ధనము కంటె సంకల్పము ముఖ్యము.

అయితే జాగ్రత్తలు తప్పవు. పసిబిడ్డల విషయమున భక్తి యొక్కటి చాలదు, శిక్షణ కావలెను. పాకునట్టి బిడ్డలను ఒక్క ఆయా చేతిలో ఎక్కువమందిని పెట్టరాదు. వైద్యుడు క్రమముగా వచ్చి చూడవలెను. పాలు పిండి యిచ్చి వెళ్లు తల్లులకు చల్లని భద్రమైన ఏర్పాటు ఉండవలెను. నిర్వహణ తల్లుల చేతిలో ఉండవలెను. ధర్మకర్తలు లెక్కలు చూచిన చాలును. తెల్లవారుజాము వంతువారికిని, రాత్రి వంతువారికిని తలుపు తెరువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది లింగవంతుల బిడ్డలకే యని గిరి గీయరాదు. ఆయా బిడ్డయు ఆ ఉయ్యాలలలో ఒకదానియందు ఊగవలెను. ఇది కొత్త సాహసము కాదు. 1969లో ఢిల్లీలో గాంధీజీ శతజయంతి ప్రదర్శన నిర్మాణపు పని జరుగు చోట కూలీల బిడ్డలు దుమ్ములో పొరలుచుండగా చూచి, మీరా మహాదేవన్ గారు అచ్చటనే సంరక్షణ ప్రారంభించిరి. మొబైల్ క్రెషెస్ అను ఆ సంస్థ అట్లు పుట్టినది.

‘తల్లి ఒడిని మించిన చోటు బిడ్డకు కలదా?’ అని అడుగువారికి వినయముతో చెప్పుచున్నాము: లేదు. ఇంటనే ఉండదలచిన తల్లి చేయునదియు కాయకమే. ఆమెను ఎవరును తక్కువ చేయరాదు. ఊరినుండి వచ్చి మనుమని సాకు అవ్వ చేయునదియు కాయకమే. ఆమె మోకాలి నొప్పులను, ఆమె ఊరిమీది బెంగను గుర్తింపక ‘ఇంట ఊరకనే ఉన్నది గదా’ అనుట కృతఘ్నత. మా మాట ఇంతయే: ఇంట ఉండుటయైనను, పనికి పోవుటయైనను, తల్లి తన యిష్టమున ఎంచుకొనవలెను గాని ఆయా జీతపు లెక్క ఆమె కొరకు ఎంచరాదు. అద్దె యింటిలో ఇద్దరి జీతములు కలిసిన గాని నెల గడవని కుటుంబమునకు ఒడి మహిమను బోధించి వెడలిపోవుట ఉపదేశము కాదు, తప్పించుకొనుట.

ఆయాకు ఎవరి జీతము ఎంత ఈయబడుచున్నదో ఈ పత్రిక చదువు ప్రతి కుటుంబమును ఈ నెలలోనే ఒకమారు పరిశీలించుగాక. తండ్రులు తమ సగమును తాము వ్రాసికొందురుగాక. సంస్థల యజమానులైన శరణులు చట్టము అడిగినంతతో ఆగక, పొరుగు సంస్థలతో కలసి ఉమ్మడి కేంద్రమునకు పూనుకొందురుగాక. రాబోవు బసవజయంతి సభలలో శంషాబాదు దారిలోని ఒక్క సమాజ భవనమైనను తన హాలును పసిబిడ్డలకు అర్పింపగలదా యని పెద్దలు తీర్మానము చేయుదురుగాక. శివునకే తల్లి కావలెనని తలచిన బెజ్జమహాదేవి వంశమువారము మనము. పొరుగింటి బిడ్డకు ఉయ్యాల కట్టుట మనకు కష్టము కారాదు.

శరణు శరణార్థి.